ఐదు రోజుల జర్మనీ ట్రిప్: సూట్‌కేసు కొలోన్‌లో పెట్టి తిరగండి

నమస్తే అండి. ఈమధ్య నాకొచ్చే మెసేజ్‌ల్లో సగం ఒకటే రకం. "జర్మనీలో ఐదు రోజులుంటాం, బెర్లిన్, మ్యూనిక్, హాంబర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్ అనుకున్నాం, ప్లాన్ ఎలా ఉంది?" అని. ఏం చెప్పమంటారు! హాంబర్గ్ నుంచి మ్యూనిక్‌కి స్పీడు రైల్లోనే ఆరు గంటల దాకా పడుతుంది. దానికి ముందు పొద్దున్నే హోటల్ ఖాళీ చేయాలి, అక్కడ దిగాక గది ఇచ్చేదాకా లాబీలో సామాను కాపలా కాయాలి, ఆ రోజు అక్కడికి గోవిందా. అలాంటి రోజులు రెండు పడ్డాయంటే మీరు చూసొచ్చేది జర్మనీ ప్లాట్‌ఫారాలే.

అందుకని నేను చెప్పేదేంటంటే, ఒక ఊళ్లో దిగండి, సూట్‌కేసు అక్కడే పెట్టండి, రోజూ ఖాళీ చేతుల్తో చుట్టుపక్కల ఊళ్లకి వెళ్లి రాత్రికి వచ్చేయండి. దీనికి బెర్లిన్ కంటే, మ్యూనిక్ కంటే కొలోన్ బాగా పనికొస్తుంది. "కొలోన్‌లో ఒక చర్చి తప్ప ఏముంది" అనేవాళ్లు ఉంటారని తెలుసు, కాస్త ఆగండి, చెప్తాను.

ముందు చేరుకునే సంగతి. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి 2024 నుంచి లుఫ్తాన్సా నేరుగా వెళ్తోంది. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులోనే దూరప్రాంత రైళ్ల స్టేషన్ ఉంది, అక్కడ ఐసీఈ అనే స్పీడు రైలు ఎక్కితే కొలోన్‌కి గంట, అటూ ఇటూగా. టికెట్ మీద కొలోన్ మెస్సె డాయిట్జ్ అని ఉంటే కంగారు పడకండి, అది రైన్ నదికి అవతలి ఒడ్డు స్టేషన్, లోకల్ రైల్లో ఒక్క స్టాపు. సామాను తేలిగ్గా ఉంటే హోహెన్‌జోలర్న్ వంతెన మీద నడిచి వచ్చేయండి. కంచె పొడవునా ప్రేమికులు వేసిన తాళాలు, పక్కనే దడదడమని రైళ్లు, ఎదురుగా ఆ నల్లటి చర్చి. ఊళ్లోకి అడుగుపెట్టడానికి అంతకన్నా మంచి దారి లేదు.

టికెట్ విషయంలో ఒక జాగ్రత్త. చౌకగా కనపడే సూపర్ స్పార్‌ప్రైస్ టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. మీ విమానం ఆలస్యమై రైలు తప్పిందా, ఆ డబ్బులు పోయినట్టే. కాబట్టి దిగే రోజున మాత్రం పిసినారితనం వద్దు, ఏ రైలైనా ఎక్కే వీలున్న టికెట్ తీసుకోండి, లేదంటే మధ్యలో మూడు గంటలైనా ఖాళీ ఉంచుకోండి. అదే రైలే ఆలస్యమై, మీరు 20 నిమిషాలకు మించి లేటుగా చేరేలా ఉంటే ఆ కట్టుబాటు ఎగిరిపోతుంది, తర్వాతి రైలెక్కొచ్చు. గంట లేటైతే 25 శాతం, రెండు గంటలైతే సగం డబ్బు వెనక్కి అడగొచ్చు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే జర్మనీ రైళ్లు టైమంటే టైమే అని మనవాళ్లకి ఇంకా నమ్మకం. 2024లో దూరప్రాంత రైళ్లలో సమయానికి చేరినవి 62.5 శాతం! అదీ ఆరు నిమిషాల్లోపు ఆలస్యాన్ని ఆలస్యమే అనుకోకుండా వేసిన లెక్క.

సరే, కొలోన్. ఆ చర్చిని 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తి చేశారు. మధ్యలో డబ్బుల్లేక పని ఆగిపోతే, సగం కట్టిన గోపురం మీద చెక్క క్రేను ఒకటి వందల ఏళ్లపాటు అలాగే నిలబడి ఉందట, ఊరికి అదే గుర్తు అయిపోయింది. ఎత్తు 157 మీటర్లు. దక్షిణ గోపురం ఎక్కాలంటే 533 మెట్లు, లిఫ్టు లేదు. అమ్మానాన్నలతో వెళ్తే ఆ సాహసం వద్దు, అవతలి ఒడ్డున కొలోన్ ట్రయాంగిల్ అనే భవనం ఉంది, దానిపైకి లిఫ్టులో వెళ్లొచ్చు, పైగా గోపురం ఎక్కితే గోపురం కనపడదు కదా, ఇక్కడినుంచి మొత్తం చర్చి కనపడుతుంది. చర్చి లోపలికి మాత్రం ఎండ ఉన్న మధ్యాహ్నం వెళ్లండి. దక్షిణం వైపు గెర్హార్డ్ రిక్టర్ అనే జర్మన్ చిత్రకారుడు చేసిన కిటికీ ఉంది, 2007లో పెట్టారు, 72 రంగుల్లో పదకొండు వేలకు పైగా గాజు పలకలు. బొమ్మా లేదు, దేవుడూ లేదు, ఉట్టి రంగులే. ఎండ పడితే నేల మీద, మీ చొక్కా మీద కూడా రంగులు పడతాయి.

సాయంత్రం ఏదైనా పాత బ్రూహౌస్‌లో కూర్చోండి. ఇక్కడి బీరు క్యోల్ష్, 200 మిల్లీలీటర్ల సన్న గ్లాసు. నీలం ఏప్రన్ కట్టుకున్న సర్వర్ గ్లాసు పెట్టి, కింద ఉన్న అట్ట ముక్క మీద పెన్సిల్‌తో ఒక గీత గీస్తాడు. గ్లాసు ఖాళీ అయితే అడక్కుండానే ఇంకోటి వస్తుంది, ఇంకో గీత. ఇక చాలు అనుకుంటే ఆ అట్టను గ్లాసు మీద మూతలా పెట్టాలి, మొహమాటపడి ఊరుకుంటే గీతలు పెరుగుతూనే ఉంటాయి. శాకాహారులకి రైబెకూఖెన్ ఉంటుంది, బంగాళదుంప తురుముతో వేసే అట్లు, ఆపిల్ గుజ్జుతో ఇస్తారు. మన సంచిలోంచి కాస్త కారప్పొడి తీసినా ఎవరూ ఏమీ అనరు.

ఇక చుట్టుపక్కల. నా ఓటు వుపర్టాల్‌కి, రైల్లో అరగంట. అక్కడ 1901 నుంచి నడుస్తున్న వేలాడే రైలు ఉంది, పట్టా పైన, పెట్టె కింద, చాలా దూరం వుపర్ నది మీదుగానే వెళ్తుంది, మొత్తం 13.3 కిలోమీటర్లు. 1950లో ఒక సర్కస్ వాళ్లు పబ్లిసిటీ కోసమని టఫ్ఫీ అనే గున్న ఏనుగుని దీన్లో ఎక్కించారు. అది బెదిరిపోయి గోడ బద్దలుకొట్టుకుని నదిలో పడింది, చిన్న గాయాలతో బతికి బయటపడింది. మీరు చివరి పెట్టెలో వెనక అద్దం దగ్గర నిలబడండి, వదిలొచ్చిన నది మొత్తం కనపడుతుంది.

ఆకెన్ గంట దూరం, షార్లెమాన్ చక్రవర్తి సమాధి ఉన్న చర్చి, 1978లో యునెస్కో ప్రకటించిన మొట్టమొదటి ప్రపంచ వారసత్వ జాబితాలోనే ఉంది. బాన్‌లో సంగీతకారుడు బీతోవెన్ పుట్టిన ఇల్లు, ఒక పూట చాలు. డ్యూసెల్‌డార్ఫ్ కూడా పూటే, పెద్ద పెద్ద బ్రాండ్ల షాపుల కోసమైతే అసలు అక్కర్లేదు, ఇమ్మర్‌మాన్ వీధిలో జపాన్ వాళ్ల హోటళ్లున్నాయి, అక్కడ వేడి వేడి రామెన్ (నూడుల్స్ సూపు) తిని వచ్చేయండి.

వీటన్నిటికీ లోకల్, రీజినల్ రైళ్లు చాలు. దేశమంతా ఆ రైళ్లలో తిరగనిచ్చే డాయిచ్‌లాండ్ టికెట్ 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు, ఆ వేలాడే రైల్లో కూడా చెల్లుతుంది, ఐసీఈలో చెల్లదు. కానీ అది చందా. ఆ నెల 10లోపు రద్దు చేస్తేనే నెలాఖరుతో ఆగుతుంది. పైగా క్యాలెండర్ నెల లెక్క, మీ ట్రిప్ 29న మొదలై 3న ముగిస్తే రెండు నెలలకు కట్టాలి, అప్పుడు ఏ రోజుకారోజు టికెట్లే నయం.

ఆదివారం షాపులన్నీ మూత, స్టేషన్లలో కొన్ని తప్ప. కాబట్టి శనివారమే పాలు, పెరుగు కొనిపెట్టుకుని, ఆదివారం మ్యూజియాలకి పెట్టుకోండి, చర్చి పక్కనే ఉన్న లుడ్విగ్ మ్యూజియంలో పికాసో బొమ్మలు బోలెడు. సోమవారం అది మూసేస్తారు, ఆ రోజు వుపర్టాల్ వెళ్లండి.

హోటల్ బుక్ చేసేముందు కొలోన్ ఎగ్జిబిషన్ల క్యాలెండర్ చూడండి. ఆగస్టులో వీడియో గేముల ప్రదర్శన గేమ్స్‌కామ్, బేసి సంవత్సరాల్లో అక్టోబర్‌లో ఆహార ప్రదర్శన అనూగా, ఫిబ్రవరి ప్రాంతంలో కార్నివాల్, అప్పుడు మామూలు రేట్లు మరిచిపోవాల్సిందే. వీసాకి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, హోటల్ కాగితాలు కూడా కొలోన్‌ది ఒకటి, చివరి రాత్రికి మైంజ్‌ది ఒకటి, అంతే.

తిరుగు ప్రయాణంలో మాత్రం ఐసీఈ వద్దు. కోబ్లెంజ్ మీదుగా మైంజ్‌కి రైన్ ఒడ్డునే వెళ్లే రీజినల్ రైలు ఎక్కి ఎడమవైపు కిటికీ పట్టుకోండి, కోబ్లెంజ్ దాటాక వరసగా కొండలు, కోటలు, ద్రాక్షతోటలు. నెమ్మదిగా వెళ్తుంది, ఆగుతూ ఆగుతూ వెళ్తుంది, అందుకే విమానం ఉన్న రోజున ఇది పెట్టుకోకండి. ముందు రోజే బయల్దేరి ఆ రాత్రికి మైంజ్‌లో పడుకోండి, అక్కడినుంచి ఎయిర్‌పోర్టుకి లోకల్ రైలుంది.