ఈ సెలవుల్లో ఆడపిల్లకి సైకిలివ్వండి

(నరసాపురంలో క్రిస్మస్ సెలవుల పిల్లల సైకిల్ యాత్రకు ముందు, డిసెంబరు 23 సాయంత్రం జరిగిన సభలో ఒక రిటైర్డ్ టీచరు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, పాస్టరు గారికి, లైబ్రరీ మిత్రులకు, ముందు వరసల్లో కాళ్లూపుకుంటూ కూర్చున్న పిల్లలకు, వెనక గోడ పక్కన నిలబడి ఉన్న తల్లులకు నమస్కారం. అమ్మా, ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. నేను మాట్లాడాల్సింది అసలు మీతోనే.

నాకిచ్చిన అంశం ‘సైకిల్ – ఆరోగ్యం’. ఇరవై నిమిషాలు టైమిచ్చారు. ఆరోగ్యం సంగతి ముందే చెప్పేస్తాను. 5 నుంచి 17 ఏళ్ల లోపు పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలైనా ఒళ్లు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సైకిలు తొక్కితే గుండెకి, ఊపిరితిత్తులకి, తొడలకి పని పడుతుంది. ఒంటి బరువు సీటు మోస్తుంది కాబట్టి పరుగెత్తినప్పుడు పడేంత భారం మోకాళ్ల మీద పడదు. ఇక మిగిలింది డాక్టరు గారు నాకంటే బాగా చెబుతారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది. అది యాభై ఏళ్ల పైనుంచి నా మనసులో ఉంది.

1974 డిసెంబరు. నేను ఏడో క్లాసు. మాది మిషన్ స్కూలు. ఊళ్లో మిగతా బళ్లకి సంక్రాంతికి పెద్ద సెలవులైతే, మాకు క్రిస్మస్‌కి. అర్ధ సంవత్సర పరీక్షలు అయిపోయి, 24 నుంచి జనవరి 1 దాకా తొమ్మిది రోజులు. ఇంట్లో అరిసెల పాకం వాసన. వీధిలో వెదురు పుల్లలకి రంగు కాగితాలంటించిన స్టార్లు. రాత్రి కేరల్స్ వాళ్లు వచ్చి వెళ్లాక తెల్లారేసరికి అదే వీధిలో హరిదాసు గారి చిడతల చప్పుడు. ఆ రెండూ కలిసిన చలి నెల మన గోదావరి వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది!

మా అమ్మ లేసు అల్లేది. ఈ ఊరికి లేసు అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక, ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఎన్నో వేల ఇళ్లలో పొయ్యి వెలిగించిన అల్లిక. ఏజెంటు సైకిలు మీద వచ్చేవాడు. దారం ఉండలిచ్చి, అల్లినవి లెక్కపెట్టి, సంచిలో కుక్కి కేరియర్‌కి కట్టుకుని పోయేవాడు. అవి విదేశాలకి పోతాయని, అక్కడ బల్లల మీద పరుస్తారని చెప్పేవారు. అమ్మ ఒకసారి గుమ్మంలో కూర్చుని ఆ సైకిలు వెళ్తున్న వైపే చూస్తూ, “నా అల్లిక సైకిలెక్కి సముద్రాలు దాటుతోంది, నేను రేవు దాకా పోయి ఎన్నేళ్లయిందో” అంది. నాకప్పుడు పన్నెండేళ్లు. ఆ మాట నాకు అర్థమైందని ఆవిడ అనుకోలేదు.

ఆ 24వ తారీఖు పొద్దున్నే కొంగు ముడి విప్పి ఒక అర్ధరూపాయి నా చేతిలో పెట్టింది. “అన్నయ్యతో వెళ్లి సైకిలు నేర్చుకో” అంది. అంతే. ఇంకో మాట లేదు.

అద్దె సైకిళ్ల షాపు మీలో పెద్దవాళ్లకి గుర్తుంటుంది. వరసగా నల్ల సైకిళ్లు, వెనక మడ్‌గార్డు మీద తెల్లరంగుతో నంబరు. గంటకి పావలా. షాపాయన గడియారం చూసి నోటుబుక్కులో టైము రాసుకునేవాడు. ఆడపిల్లకైతే ఇచ్చేవాడు కాదు. అన్నయ్య తన పేరు రాయించి, వీధి మలుపు దాకా తొక్కి, అక్కడ నాకిచ్చేవాడు. అర్ధరూపాయికి రెండు గంటలు. గంట వాడికి, గంట నాకు.

పెద్ద సైకిలు. సీటెక్కితే కాళ్లందవు. అందుకని అడ్డతొక్కుడు. పిల్లలూ, మీకిది తెలియదు. బారు కింద నుంచి కుడికాలు అవతలి పెడల్ మీద పెట్టి, ఎడంచేత్తో హ్యాండిలు, కుడిచేత్తో సీటు పట్టుకుని, ఒళ్లంతా ఒక పక్కకి వంచి తొక్కాలి. పెడల్ పూర్తిగా తిరగదు, సగం కిందకి, సగం పైకి. అలా తొక్కుతూ కాలువ గట్టు మీద నాలుగు రోజులు పడ్డాను, లేచాను. అయిదో రోజు పడలేదు.

ఆ గట్టు గురించి ఒక్క మాట. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ దొర మనకి నీళ్లే ఇచ్చాడనుకుంటాం. ఆ కాలువల వెంట ఎత్తుపల్లాల్లేని గట్లు కూడా వచ్చాయి కదా! డెల్టా అంతా బల్లపరుపు. మలుపులే గాని ఎక్కుడు లేదు, దిగుడు లేదు. సైకిలు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి నేల ఎక్కడుంటుందండీ? ఇక్కణ్ణుంచి పాలకొల్లు పది కిలోమీటర్లు. పన్నెండేళ్ల పిల్ల ఆగుతూ ఆగుతూ తొక్కినా గంటలో క్షీరారామం గోపురం కనబడుతుంది.

డిసెంబరంటే కుప్పనూర్పులు. గడ్డి రోడ్డు మీద పరిచి ఉండేది. దాని మీదకి సైకిలు ఎక్కగానే చప్పుడు ఆగిపోయేది. అప్పటిదాకా గరగరమన్న చైను, డబడబమన్న మడ్‌గార్డు, అన్నీ ఒక్కసారి మెత్తబడేవి. పచ్చిగడ్డి వాసన, కాలువ మీద పొగలా లేచే మంచు, చేతివేళ్లకి ఇనుప హ్యాండిలు చల్లదనం. నాకు ఇప్పటికీ క్రిస్మస్ అంటే కేకు కాదు, ఆ గడ్డి మీద సైకిలు.

29వ తారీఖున నా పరికిణీ చైనులో పడింది. కుచ్చెళ్లు నాలుగు చుట్లు చుట్టుకుని పళ్లచక్రం దగ్గర బిగిసిపోయాయి. సైకిలూ నేనూ కలిసి గట్టు మీద పడ్డాం. గడ్డం చిట్లింది, ఇదిగో ఈ మచ్చ. అన్నయ్య పరిగెత్తుకొచ్చి పెడల్ వెనక్కి తిప్పుతూ బట్టని కొంచెం కొంచెంగా బయటికి లాగాడు. నల్ల గ్రీజు మరకలు, పంటి గాట్లలాగా వరసగా చిల్లులు. ఇంటికొచ్చాక అమ్మ తిట్టలేదు. గాయానికి పసుపద్ది, పరికిణీ అంచుకి రెండు నాడాలు కుట్టింది, సైకిలెక్కేటప్పుడు కాలికి కట్టుకోవడానికి. ఆ రాత్రే కుట్టింది. లాంతరు పక్కన కూర్చుని.

ఆ నాడాలు నేను ఒక్కసారీ కట్టుకోలేదు. మర్నాడు ఇంటి పెద్దాయన ఒకరు వచ్చారు. “ఆడపిల్ల గట్టు మీద సైకిలు తొక్కడమేంటి, పడితే రేపు ఎవరు చేసుకుంటారు” అన్నారు. అన్నయ్య కూడా పడ్డాడు, వాడి మోచెయ్యి కూడా చీరుకుపోయింది. వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. నా సైకిలు ఆ రోజుతో ఆగిపోయింది.

ఇదండీ నా బాధ. చిన్న విషయమే అనిపిస్తుంది. కాదు. నేను టీచరునయ్యాక బస్సు దిగి నాలుగు కిలోమీటర్లు నడిచి బడికి వెళ్లేదాన్ని. పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు. సైకిలుంటే పావుగంట, నడిస్తే ముప్పావుగంట. రోజుకి గంట చొప్పున ఎన్నేళ్లు పోయాయో లెక్కేసుకోండి. నా పక్కన సైకిలు మీద వెళ్లే మేస్టార్లు బెల్లు కొట్టి పలకరించి వెళ్లిపోయేవారు. ఆ పరికిణీ చైనులో పడినందుకు నేను కట్టిన జరిమానా అది. లెక్కలు మీరే చెయ్యండమ్మా, మీ అమ్మాయిల కోసం.

1990ల మొదట్లో తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో సాక్షరతా ఉద్యమం నడిచింది. అప్పుడు కలెక్టరు షీలా రాణి చుంకత్ గారు. చదువుతో పాటు ఆడవాళ్లకి సైకిలు నేర్పడం అక్కడ ఉద్యమంలో భాగమైంది. వ్యవసాయ కూలీలు, క్వారీల్లో రాళ్లు కొట్టేవాళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, వేలమంది నేర్చుకున్నారు. పిల్లని ముందు బారు మీద, నీళ్ల బిందె వెనక కేరియర్ మీద పెట్టుకుని తొక్కారు. ఒకరి తీరిక కోసం, ఒకరి దయ కోసం చూడాల్సిన అవసరం తప్పింది. ఆ సంగతి విన్నప్పుడు నేను స్టాఫ్‌రూములో కూర్చుని ఉన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నెల జీతంలోంచి అడ్వాన్సు కట్టి లేడీస్ సైకిలు కొన్నాను.

1993 క్రిస్మస్ సెలవులు. నాకు ముప్పై ఒకటి. చీర కుచ్చెళ్లు దోపుకుని అదే గట్టు మీద మళ్లీ మొదలుపెట్టాను. రెండు రోజులకే వచ్చేసింది. కాళ్లు మర్చిపోలేదు. 26 పొద్దున అమ్మని కేరియర్ మీద కూర్చోబెట్టుకుని రేవుకి తీసుకెళ్లాను. పండక్కి కొన్న చీర కట్టుకుంది. నడుం గట్టిగా పట్టుకుంది. దారిలో ఒక్క మాట లేదు, భయపడుతోందేమో అనుకున్నాను. రేవు దగ్గర ఆగబోతే, “అప్పుడేనా? ఇంకాస్త పోనీ” అంది.

టైము అయిందని చీటీ పంపారు. ఇంకొంచెం ఓపిక పట్టండి, ముఖ్యమైంది మిగిలిపోయింది.

ఇప్పుడు అడ్డు చెప్పే పెద్దాయనలు తగ్గారు. సంతోషం. కానీ అడ్డు వేరే వైపు నుంచి వస్తోంది. నాకు తెలిసిన ఒక స్కూల్లో పదో తరగతి పిల్లలకి క్రిస్మస్ సెలవుల్లో కూడా స్టడీ అవర్స్ పెట్టారు, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా. పండగ ఒక్కరోజు మినహాయింపు. మా పక్కింటి అమ్మాయి సైకిలు వరండాలో తాళం వేసి ఉంది. టైర్లలో గాలి దిగిపోయి రిమ్ము నేలకి ఆనింది. ఆ పిల్ల బ్యాగు మోసుకుని ఆటో ఎక్కుతోంది. పరీక్షలంటే టెన్షన్ నాకూ తెలుసు, ముప్పయ్యేళ్లు పైగా పేపర్లు దిద్దినదాన్ని. చెప్తున్నాను వినండి: ఈ తొమ్మిది రోజుల్లో పొద్దున గంట, సాయంత్రం గంట సైకిలు తొక్కిన పిల్లకి మార్కులు తగ్గవు. తగ్గితే వచ్చి నన్నడగండి. మీ అమ్మాయికి జనవరిలో ఏ చాప్టరు రాలేదో, ఆ చాప్టరు నేను మా ఇంట్లో కూర్చోబెట్టి చెబుతాను. ఉత్తినే.

ఇందాకట్నుంచి ఆ మూడో వరసలో పసుపు గౌను పాప చెయ్యి ఎత్తుతోంది. ఏంటమ్మా? ... సైకిలు రాదా? వస్తుంది. ఫిజిక్సు టీచర్ని కదా, ఎందుకొస్తుందో కూడా చెబుతాను. సైకిలు ఎటు పడుతుంటే హ్యాండిలు అటే తిప్పాలి. ఎడమకి ఒరిగితే ఎడమకే. అప్పుడు చక్రాలు మన బరువు కిందకి వచ్చేస్తాయి, మనం నిలబడతాం. భయపడి అవతలి వైపుకి తిప్పితే పడతాం. కొత్తవాళ్లంతా పడేది అందుకే.

నాన్నలకి ఒక ఉపాయం. వెనకాల పట్టుకుని పరిగెత్తి నడుం నొప్పి తెచ్చుకోకండి. రెంచి పెట్టి రెండు పెడల్సూ ఊడదీయండి. ఎడమ పెడల్ మర అందరూ తిప్పే దిక్కుకి ఉల్టా ఉంటుంది, బలవంతం చెయ్యకండి. పాప పాదాలు రెండూ నేలకి ఆనేలా సీటు దించండి. కాళ్లతో నేలని తోసుకుంటూ గట్టు మీద తిరగమనండి. 1817లో జర్మనీలో డ్రైస్ అనే ఆయన తయారుచేసిన మొదటి బండికి పెడల్సే లేవు, అలా తోసుకుంటూనే పోయేవారు. చైనుతో వెనక చక్రం తిరిగే ఇప్పటి రకం సైకిలు 1880లలో గాని స్థిరపడలేదు. మనిషి ఏ వరసలో నేర్చుకున్నాడో పాప కూడా అదే వరసలో నేర్చుకుంటుంది. నిలదొక్కుకోవడం వచ్చాక పెడల్స్ బిగించండి.

ఇక ఎల్లుండి పండగ. ఆ మర్నాడు, 26 పొద్దున మన యాత్ర. రేవు దాకా తొక్కి, పంటు మీద గోదావరి దాటి, సఖినేటిపల్లి నుంచి అంతర్వేది. స్వామి గుడి, లైట్‌హౌసు చూసి, గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర అన్నం తిని వెనక్కి. ఎవరూ రేసు పెట్టకూడదు. అందరికంటే నెమ్మదిగా తొక్కే పాప ముందుంటుంది, మిగతావాళ్లం ఆ పాప వెనక.

తెల్లారగట్ల మంచుంటుంది, లారీవాడికి మీరు కనబడరు. కాబట్టి ఏడున్నరకి ముందు ఎవరూ బయల్దేరొద్దు. సాయంత్రం అయిదున్నర దాటితే చీకటి పడిపోతుంది, నాలుగున్నరకల్లా ఇవతలి ఒడ్డున ఉండాలి. వెనక మడ్‌గార్డుకి ఎర్ర రిఫ్లెక్టరు లేకపోతే రేపు సాయంత్రం లైబ్రరీ దగ్గరికి రండి, అంటిస్తాం. బ్రేకులు రెండూ పట్టి చూసుకోండి. చున్నీలు వెనక ముడేసుకోండి, ప్యాంటు కాళ్లకి రబ్బరు బ్యాండు పెట్టుకోండి. గడ్డి మీదుగా వెళ్లాల్సొస్తే దిగి నడిపించండి, పరకలు చైనులోకి పోయి చుట్టుకుంటాయి. నాకెంత ఇష్టమైనా సరే, చిన్నవాళ్లు దిగాల్సిందే. పంపు, ప్యాచులు, సొల్యూషను నా దగ్గరుంటాయి.

సైకిలు లేని ఆడపిల్లలకి లైబ్రరీ వాళ్లు పదకొండు సైకిళ్లు అడిగి తెచ్చి ఉంచారు. పేరు రాయించుకోవడానికి అన్నయ్య రానక్కర్లేదు.

రేవులో పంటు ఎక్కేచోట వాలు ఉంటుంది, మంచుకి తడిసి జారుతుంది. అక్కడ అందరూ దిగండి. సైకిలు మీకు కుడి పక్కనుంచుకుని, కుడిచెయ్యి సీటు మీద, ఎడంచెయ్యి వెనక బ్రేకు మీద వేసి అడుగులో అడుగు వేసుకుంటూ దించండి. మీ హ్యాండిల్లో వెనక బ్రేకు ఏ పక్కనుందో రేపే చూసుకోండి. నేను ఆ వాలు కింద నిలబడి ఉంటాను. ఒక్కొక్కరూ రండి, తొందరేం లేదు, అందరూ ఎక్కేదాకా పంటు ఆగుతుంది.