గాలికి ప్రీకాస్ట్ ఫ్రేము: అసలు సంగతి జాయింటులోనే

అందరికీ నమస్కారం. వడ్రంగి కొత్త ద్వారబంధాన్ని తెచ్చేటప్పుడు దానికి ఏటవాలుగా ఒక రీపరు కొట్టి తెస్తాడు, చూసే ఉంటారు. గోడ కట్టి గట్టిపడేదాకా దాన్ని తీయనివ్వడు. తీస్తే చట్రం ఓరగా వాలుతుంది. కర్రలో లోపమేమీ లేదు, మూలల్లో బిగువు లేదంతే. కాలమ్‌లను, బీములను వేరే చోట ముందే పోత పోసి, సైటుకు తెచ్చి బిగించే ప్రీకాస్ట్ ఫ్రేము కష్టం కూడా ఇదే.

సైటులో పోత పోసిన భవనంలో కాలమ్, బీమ్ కడ్డీలు అల్లుకుని, కాంక్రీటు ఒకటిగా గడ్డకడుతుంది. ప్రీకాస్ట్‌లో బీమును క్రేనుతో ఎత్తి కాలమ్‌కున్న కార్బెల్ అనే పొడుచుకొచ్చిన దిమ్మ మీద కూర్చోబెడతాం. పై బరువుకు అది చాలు. పక్క తోపు వస్తే మాత్రం ఆ జాయింటు తలుపు బందులా తిరుగుతుంది.

ఆ తోపు ఎంత? గాలి భారానికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగంలో విజయవాడకు ఇచ్చిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగం వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, సుమారు 150 కిలోలు. 20 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల ఎత్తు ఉన్న ముఖం మీద 45 టన్నులు! ఎత్తును, పరిసరాలను, ఆకారాన్ని బట్టి లెక్క మారుతుంది, నిజమే. కానీ 1977 నవంబరులో ఉప్పెన ముంచెత్తిన దివిసీమ మనకు దగ్గరే. 'ఇక్కడ అంత గాలి ఎప్పుడొస్తుందండీ' అనే మాట మన నోట రాకూడదు.

ఈ భారం లిఫ్టు చుట్టూ ఉండే షియర్ వాల్స్, అంటే పక్క తోపును తట్టుకునే కాంక్రీటు గోడలు, మోయాలి. అక్కడికి చేరవేసేది శ్లాబు. లోపల బోలుగా ఉండే హాలోకోర్ శ్లాబు పలకల మీద కడ్డీల మెష్ వేసి పోసే కాంక్రీటు పొరను, అంటే టాపింగును, టైల్స్ కింది చదును పనిగా చూడకండి. విడి పలకలను ఒకే పళ్లెంలా కలిపేది అదే. కాలమ్ కాస్త వాలిందా, పై బరువు దాన్ని ఇంకా వాల్చడానికే చూస్తుంది. అందుకే గాలికి పై అంచు కదలిక ఎత్తులో 500వ వంతు దాటకూడదని కాంక్రీటు కట్టడాల ప్రమాణం ఐఎస్ 456 అంటుంది. 15 మీటర్లకు 30 మిల్లీమీటర్లు.

నాకు ఎక్కువ టెన్షన్ మాత్రం కట్టే దశలోనే. గుంటూరు దగ్గర ఒక సైటులో జాయింట్లలో నింపిన సిమెంటు గ్రౌటుకు బలం రాకముందే, కాలమ్‌లకు ఆసరాగా పెట్టిన ఏటవాలు ప్రాపులు తీసి పక్క బ్లాకుకు పట్టుకెళ్లారు. ఆ సాయంత్రం ఈదురుగాలి లేచింది. కాలమ్‌లు ఊగడం కళ్లారా చూశాను. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటికి టాపింగ్ పడలేదు, షియర్ వాల్ కలవలేదు. మేం లెక్క కట్టిన భవనం అక్కడ ఇంకా లేనే లేదు.

సైటు ఇంజినీర్లకు నా విన్నపం ఒకటే. కడ్డీలను కలిపే గొట్టం, అదే స్లీవులోకి, కింది రంధ్రం నుంచి ఎక్కించిన గ్రౌటు పై రంధ్రంలోంచి చిక్కగా బయటికి వచ్చేదాకా దగ్గర నిలబడి చూడండి. గ్రౌటు బలం తేల్చే క్యూబు టెస్టు ఫలితం చేతికి రాకుండా ప్రాపు తీయమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.