డల్లాస్ చలికాలంలో దేవగన్నేరు: నేను కొన్న అయిదు వస్తువుల రివ్యూ

అందరికీ నమస్కారం. ఇది టెక్సాస్‌లో, డల్లాస్ నగరానికి ఉత్తరాన ఉన్న మా ఇంటి గరాజ్. నా వెనక ఒక్క ఆకు కూడా లేకుండా బూడిద రంగు కర్రల్లా నిలబడి ఉన్న నాలుగు కుండీలూ దేవగన్నేరు మొక్కలే. ఇవి చచ్చిపోయాయని అనుకోకండి. నవంబరు రెండో వారంలో లోపలికి చేర్చినప్పటి నుంచి ఈ మార్చి మొదటి వారం దాకా వీటికి నేను ఒక్క చుక్క నీరు పోయలేదు, ఒక్క దీపమూ పెట్టలేదు.

ఈ చలికాలం మొక్కల కోసం నేను అయిదు వస్తువులు కొన్నాను: మొక్కల మీద కప్పే ఫ్రాస్ట్ క్లాత్, జిప్పు తలుపున్న ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్, చలి పెరగగానే తనంతట తానే ఆన్ అయ్యే థర్మోస్టాట్ ప్లగ్, ఇంట్లో మొక్కలకు ఎండకు బదులు వెలుతురిచ్చే ఒక ఎల్‌ఈడీ గ్రో లైట్, కనిష్ఠ గరిష్ఠ ఉష్ణోగ్రతలను గుర్తు పెట్టుకునే థర్మామీటర్. అన్నీ సొంత డబ్బుతో కొన్నవే. ఒకే రకం సరుకును పది కంపెనీలు పది పేర్లతో అమ్ముతున్నాయి కనుక బ్రాండ్ల జోలికి పోకుండా, ఏ వస్తువు ఏ మొక్కకు పనికొచ్చిందో, ఏది దండగ అయిందో మాత్రమే చెబుతాను.

ముందు మొక్క స్వభావం తెలుసుకోకపోతే ఈ సామాన్లన్నీ మనకు అవసరమే అనిపిస్తుంది. మన ఊళ్ళలో గుడి ప్రాంగణంలో దేవగన్నేరు చెట్టు చూసినవారికి గుర్తుండే ఉంటుంది: పుష్య, మాఘ మాసాల్లో అది ఆకులన్నీ రాల్చుకుని మోడులా నిలబడుతుంది. దానికి ఎవరూ నీళ్ళు పోయరు, ఎవరూ దిగులు పడరు. ఎండలు ముదిరే వేళకు కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా పూలు వస్తాయి. ఇన్నేళ్ళుగా గుడికి పెట్టిన ప్రాణంలా ఉంటుంది కానీ ఇది మన దేశపు చెట్టు కాదు. మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు దీని పుట్టిల్లు. అక్కడి వానలు లేని నెలల్ని ఆకులు రాల్చి, లావుపాటి కొమ్మల్లో దాచుకున్న నీటితోనే గడిపేస్తుంది. దీనికున్న ప్లూమేరియా అనే పేరు చార్లెస్ ప్లూమియే అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడి పేరు మీదుగా వచ్చింది. మన గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు దీనికి చుట్టాలే. కొమ్మ విరిస్తే కారే పాలను చూస్తేనే ఆ చుట్టరికం తెలుస్తుంది. ఆ పాలు చర్మానికి మంట పుట్టిస్తాయి కనుక కత్తిరించేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి.

కొమ్మలో దాచుకున్న ఆ నీరే ఇక్కడి చలికి దానికి శత్రువు అవుతుంది. ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థాయికి దిగితే కొమ్మలోని నీరు మంచుగా మారి కణాలను చీల్చేస్తుంది. రెండు మూడు రోజుల తర్వాత కొమ్మ చివర నల్లబడి మెత్తబడుతుంది. అయితే నేను చూసిన దేవగన్నేరు చావుల్లో గడ్డకట్టి పోయినవాటి కన్నా కుళ్ళిపోయినవే ఎక్కువ. యాభై డిగ్రీల ఫారన్‌హీట్, అంటే పది డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడితే ఈ మొక్క వేళ్ళు నీరు తాగడం దాదాపు మానేస్తాయి. ఆ సమయంలో మనం జాలిపడి పోసిన నీరు కుండీలోనే నిలిచి, వేళ్ళను, మొదలును కుళ్ళబెడుతుంది. కాబట్టి దేవగన్నేరుకు చలికాలంలో కావలసినవి రెండే: పొడి మట్టి, గడ్డకట్టని చోటు. ఆకులు లేనప్పుడు దానికి వెలుతురుతో పని లేదు, చీకటి గరాజ్ చాలు. నలభై అయిదు డిగ్రీల ఫారన్‌హీట్, అంటే ఏడు డిగ్రీల సెల్సియస్ కన్నా దిగకుండా చూసుకుంటే అది హాయిగా నిద్రపోతుంది. గుండ్రటి కొసల ఆకులుండే సింగపూర్ రకం మాత్రం తేలిగ్గా ఆకు రాల్చదు, చలికి ఇంకా నాజూకు. దాన్ని నేను ఇంట్లోనే ఉంచుతాను.

ఇక వస్తువుల దగ్గరకు వద్దాం. అన్నిటికన్నా తక్కువ ధర పెట్టి కొన్నది, అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఈ థర్మామీటర్. దీన్ని గరాజ్ తలుపు పక్కన ఒక రాత్రి, ఇంటి గోడ పక్కన ఒక రాత్రి పెట్టి చూశాను. ఆ రెండు రాత్రులూ వీధిలో చలి ఇంచుమించు ఒకటే, కానీ లోపల తలుపు పక్కన కన్నా గోడ పక్కన ఆరు డిగ్రీల ఫారన్‌హీట్ ఎక్కువగా నమోదైంది. మరుసటి రోజే కుండీలన్నిటినీ గోడ పక్కకు జరిపాను. ఫోనులో కనిపించే వాతావరణ సూచన విమానాశ్రయం లెక్క. మీ కుండీ ఉన్న మూల లెక్క మీరే తీసుకోవాలి.

రెండోది ఫ్రాస్ట్ క్లాత్. నేను తీసుకున్నది చదరపు మీటరుకు సుమారు యాభై గ్రాముల బరువుండే మందపాటి రకం. దీని గురించి చాలామందిలో ఒక అపోహ ఉంది. ఈ గుడ్డ వేడిని పుట్టించదు. పగలంతా ఎండకు కాగిన నేల రాత్రి వదిలే వేడిని చెదిరిపోకుండా పట్టి ఉంచుతుంది, అంతే. అందుకే గుడ్డ అంచు నేల దాకా దిగి, చుట్టూ ఇటుకలతో అణచి ఉండాలి. మా వీధిలో చాలా ఇళ్ళ ముందు కనిపించే విధంగా మొక్క తలకు గుడ్డ చుట్టి, మెడ దగ్గర తాడు బిగిస్తే నేల వేడి లోపలికి చేరే దారే ఉండదు. జనవరిలో ఒక రాత్రి బయట ఇరవై ఏడు డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సున్నాకు మూడు డిగ్రీల సెల్సియస్ కిందకు పడిపోయింది. పెరట్లో నేలలో నాటిన కమలా చెట్టు మీది గుడ్డ కింద ముప్పై రెండు ఉంది. చెక్క డెక్ మీద కుండీలో ఉన్న మల్లె మొక్కకు అదే గుడ్డను అలాగే కప్పితే కింద ఇరవై ఎనిమిదే ఉంది. డెక్ కింద గాలి ఆడుతున్నప్పుడు గుడ్డ పట్టి ఉంచడానికి వేడి ఎక్కడిది? నేలలో ఉన్న మొక్కలకు ఈ గుడ్డ తప్పక కొనండి, కుండీ మొక్కలకు దీన్ని నమ్ముకోకండి. ఇక్కడ మరో మాట: గుడ్డకు బదులు పాలిథిన్ కప్పేవారు దాన్ని ఆకులకు తగలనివ్వకూడదు, తగిలిన చోటల్లా ఆకు మాడిపోతుంది.

మూడోది ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్. దీని మీద నాకు కోపం ఇంకా తీరలేదు, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను. నాలుగు అరలు, ఇనుప గొట్టాలు, పైన పారదర్శకమైన తొడుగు. ఫోటోలో చూడముచ్చటగా ఉంటుంది. దీనిలో ఒక చిన్న దేవగన్నేరు అంటును, ఒక మల్లెను పెట్టి దక్షిణం వైపు గోడకు ఆనించాను. జనవరిలో ఎండ కాసిన ఒక మధ్యాహ్నం బయట యాభై అయిదు డిగ్రీలు ఉంటే లోపల నూట నాలుగు డిగ్రీల ఫారన్‌హీట్, అంటే నలభై డిగ్రీల సెల్సియస్ నమోదైంది. రోజూ పని మానుకుని జిప్పు తెరిచే తీరిక మనలో ఎవరికి ఉంటుంది? అలా వారం రోజులు వేడి తగిలేసరికి నిద్రలో ఉండాల్సిన దేవగన్నేరు వేసవి వచ్చిందనుకుని మేల్కొంది, కొస నుంచి ఆకుపచ్చని చిగురు తీసింది. నేను కూడా మురిసిపోయి ఫోటో తీశాను. ఆ తర్వాతి చలిగాలి రాత్రి లోపలి ఉష్ణోగ్రత బయటి దానికన్నా రెండు డిగ్రీలు కూడా ఎక్కువ లేదు, ఎందుకంటే పలుచని ప్లాస్టిక్ పగటి వేడిని పోగేస్తుందే తప్ప రాత్రికి మిగల్చదు. ఇదిగో, దగ్గరగా చూపిస్తున్నాను: నిద్రపోయిన కొమ్మ పక్కన ఇది, కొస నుంచి రెండంగుళాల మేర నల్లగా ముడుచుకుపోయింది. ముందు వేడితో లేపి, తర్వాత చలితో కొట్టడం కన్నా అసలు ఏమీ చేయకపోవడమే దానికి మేలు చేసేది. గాలి వీచినప్పుడు ఈ గ్రీన్‌హౌస్ రెండుసార్లు పడిపోయింది కూడా. మార్చి తర్వాత టమాటా, వంగ నారు పోసుకోవడానికి పనికొస్తుందేమో కానీ, చలికాలం కాపలాకు దీన్ని కొనవద్దు.

నాలుగోది థర్మోస్టాట్ ప్లగ్. ముప్పై అయిదు డిగ్రీల ఫారన్‌హీట్‌కు దిగగానే దానికి తగిలించిన హీటర్‌కు కరెంటు ఇస్తుంది, నలభై అయిదు రాగానే ఆపేస్తుంది. నలభై అయిదు కన్నా దిగనివ్వకపోవడం దీని పని కాదు, గడ్డకట్టనివ్వకపోవడమే. గరాజ్‌లో నూనె నింపిన చిన్న హీటర్‌ను దీనికి తగిలించాను. చలికాలమంతా కలిపి అది ఆన్ అయిన రాత్రులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, కనుక కరెంటు బిల్లు పెద్దగా కదలలేదు. కొనే ముందు ఆ ప్లగ్ ఎన్ని ఆంపియర్లు తట్టుకుంటుందో చూసుకోండి. ఎక్స్‌టెన్షన్ తీగ మీద హీటర్ పెట్టకండి. వస్తువుగా దీనికి నేను వంక పెట్టలేను. అయితే ఇది ఉందనే ధైర్యంతో నిశ్చింతగా పడుకోలేను కూడా, దానికి కారణం 2021 ఫిబ్రవరి.

ఆ ఏడాది ఇక్కడ ఉన్నవారు ఆ వారాన్ని మరిచిపోరు. ఫిబ్రవరి 16న డల్లాస్ విమానాశ్రయం దగ్గర సున్నా ఫారన్‌హీట్‌కు రెండు డిగ్రీల కిందకు, అంటే సెల్సియస్‌లో మైనస్ పందొమ్మిదికి పడిపోయింది. రాష్ట్రమంతటా లక్షల ఇళ్ళకు కరెంటు లేదు. మా గరాజ్‌లో హీటర్ ఉంది కానీ దాన్ని వెలిగించే దారి లేదు. తెల్లవారి వెళ్ళి చూస్తే లోపల పందొమ్మిది డిగ్రీల ఫారన్‌హీట్. ఆరు కుండీల్లో మూడు పోయాయి. మేమే పొయ్యి దగ్గర కంబళ్ళు కప్పుకుని కూర్చున్న రోజున బరువైన కుండీలను ఇంట్లోకి ఈడ్చే ఓపిక ఎవరికీ లేకపోయింది. తర్వాత తెలుసుకున్నది ఏమిటంటే, నిద్రలో ఉన్న దేవగన్నేరును కుండీలోంచి పెకలించి, మట్టి దులిపి, వేళ్ళను వార్తాపత్రికలో చుట్టి, బట్టల అల్మారాలో ఒక మూల నిలబెట్టినా వసంతం దాకా బతికే ఉంటుంది. ఆ రాత్రి పది నిమిషాల పని అది. ఇప్పుడు ప్రతి కుండీ కింద చక్రాల పీట పెట్టాను, గరాజ్ అరలో పాత పత్రికల కట్ట ఒకటి సిద్ధంగా ఉంచాను.

అయిదోది గ్రో లైట్. ఇది దేవగన్నేరు కోసం కానే కాదు. కిందటేడు ఒక మొక్కను నిద్రపోనివ్వకుండా దీపం కింద ఉంచితే ఆకులు పలుచబడి, సాగిపోయి, జనవరికల్లా ఆకుల అడుగున ఎర్రనల్లి పట్టింది. వేపనూనె కలిపిన నీళ్ళతో తుడవడంతోనే ఆదివారాలు గడిచిపోయాయి. ఈ దీపం అసలు హక్కుదారు మా కరివేపాకు. అమెరికాలో తెలుగు ఇంట్లో కుండీ మొక్క అంటే ముందు లెక్కలోకి వచ్చేది అదే కదా. నిమ్మ కుటుంబానికి చెందిన ఆ మొక్కకు దేవగన్నేరులాంటి గాఢనిద్ర లేదు. చలికి వాడిపోయి ఆకు రాల్చుకుంటే అది విశ్రాంతే అని ధీమాగా ఉండలేం. కిటికీ పక్కన, ఆకులకు అడుగు దూరంలో దీపం వేలాడదీసి, టైమరుతో రోజుకు పన్నెండు గంటలు వెలిగించాను. సంక్రాంతికి ఇంటి కరివేపాకుతోనే పోపు వేశాం. ఎదుగుదల నెమ్మదిగానే ఉంది కానీ ఆకు రంగు తగ్గలేదు. కరివేపాకు, మల్లె, తమలపాకు తీగ ఇంట్లో పెంచేవారికి ఇది సరైన ఖర్చు.

కాబట్టి కుండీలో దేవగన్నేరు ఒక్కటే ఉన్నవారు థర్మామీటర్ కొనుక్కుని మిగతా డబ్బు దాచుకోవచ్చు. వేడి తగలని గరాజ్ ఉన్నవారు దానికి తోడు థర్మోస్టాట్ ప్లగ్ తీసుకోవచ్చు. గరాజ్ లేని అపార్ట్‌మెంట్ వారికి అల్మారా ఉండనే ఉంది.

చివరగా ఈ నాలుగు కుండీల పరిస్థితి చూద్దాం. రాత్రి ఉష్ణోగ్రత యాభైకి పైన నిలకడగా ఉండే దాకా వీటిని బయట పెట్టను. ఇక్కడ ఏప్రిల్ వచ్చేదాకా నమ్మకం లేదు. బయట పెట్టాక కూడా మొదటి వారం చెట్టు నీడలో ఉంచాలి, లేకపోతే చీకటికి అలవాటుపడిన కొమ్మకు ఎండ దెబ్బ తగులుతుంది. చిగురు కనిపించాకే నీరు, అదీ కొద్దికొద్దిగా. ఇప్పుడు కొమ్మను ఇలా బొటనవేలితో నొక్కి చూడాలి. మొదటిది ముడతలు పడింది కానీ గట్టిగా ఉంది. ముడత అంటే దాహమే తప్ప జబ్బు కాదు. రెండోదీ, నాలుగోదీ అంతే. మూడోది చూడండి, మొదలు గట్టిగానే ఉంది కానీ ఈ పక్క కొమ్మ వేలికి మెత్తగా లోపలికి దిగుతోంది. స్పిరిట్‌తో తుడిచిన కత్తితో ఇక్కడ కోస్తున్నాను. మధ్యలో గోధుమ రంగు చుక్క కనిపిస్తోంది, అంటే కుళ్ళు ఇంకా కిందకు ఉంది. మరో రెండంగుళాలు కిందకు కోస్తే... ఇదిగో, ఇప్పుడు కోత అంతా తెల్లగా ఉంది, పాలు కూడా చిమ్మాయి. ఈ గాయాన్ని పొడిగా ఆరనిచ్చి, కుండీని గోడ పక్కకే తిరిగి జరుపుతున్నాను.