మాత్ర వేసుకుంటున్నా బీపీ దిగడం లేదా?

శ్రోతలందరికీ నమస్కారం.

"రోజూ మాత్ర వేసుకుంటూనే ఉన్నానండి, అయినా బీపీ దిగట్లేదు." అమలాపురం నుంచి నరసాపురం దాకా అరవై దాటిన వాళ్ల నోట తరచూ వినబడే మాట ఇది. మందు మార్చమంటారు. మార్చేముందు ఇంట్లో చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

ముందుగా మోకాళ్ల నొప్పి సంగతి. బీపీకీ మోకాలికీ సంబంధమేమిటి అంటారా? మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలున్నాయి చూశారూ, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి, అవి ఒంట్లో ఉప్పునూ నీటినీ బయటికి పోనివ్వవు. బీపీ పెరుగుతుంది, బీపీ మాత్ర పనితనం తగ్గుతుంది. పెద్ద వయసులో కిడ్నీలకూ చెరుపే. ఏ మందులు వాడుతున్నారని డాక్టరు అడిగితే మటుకు, అది బీపీ మందు కాదు కదా అని దాని సంగతి చెప్పరు. అందుకే ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు చీటీ ఒక్కటే కాదు, ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. నొప్పికి ఏది వాడవచ్చో ఆయన్నే అడగండి.

ఇక ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలి, అంటే ఒక చిన్న చెంచా. "కూరలో ఉప్పు తగ్గించేశామండి" అంటారు, నిజమే. పక్కనే మాగాయ, అప్పడం, చల్ల మిరపకాయలు, వారానికి రెండుసార్లు ఎండుచేపల పులుసు! ఆవకాయ మానేయమని గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పే ధైర్యం నాకూ లేదు. రోజూ కాకుండా ఎప్పుడైనా, ముద్దకు నంజుకునేంత వేసుకోండి. సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లకు, టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్లకు అది ఒంట్లో ఎక్కువైపోవచ్చు, డాక్టరును అడగకుండా ఆ ఉప్పు వాడకూడదు. కొబ్బరి నీళ్లలోనూ పొటాషియం ఉంటుంది, ఈ రెండు రకాల వాళ్లూ రోజూ అవి తాగుతుంటే అదీ డాక్టరుకు చెప్పండి.

చూపించుకునే తీరులోనూ తేడా వస్తుంది. బస్సు దిగి వచ్చి, టీ తాగి, వెంటనే చెయ్యి చాపితే అంకె ఎక్కువే చూపిస్తుంది. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాకే చూడాలి. మంచం మీంచి లేస్తే కళ్లు తిరుగుతున్న మామ్మగారికీ తాతగారికీ నిలబెట్టి కూడా చూడమనండి. కొందరికి లేచి నిలబడగానే బీపీ బాగా పడిపోతుంది. రాత్రి బాత్రూముకు వెళుతూ పడి తుంటి ఎముక విరగడం ఇలా కూడా జరుగుతుంది.

పాదాలు వాచాయనో, బాగానే ఉందిగా అనో సొంతంగా మాత్ర మానేయవద్దు. వాపు కొన్ని మందుల వల్ల వస్తుంది, చెబితే మారుస్తారు. లంక గ్రామాల వాళ్లకు ఇంకొక మాట. జూలై, ఆగస్టుల్లో వరదొస్తే పడవలు ఆగిపోతాయి. అంతకుముందే నెలకు సరిపడా మాత్రలు తెచ్చి, తడవని డబ్బాలో పెట్టుకోండి.

హఠాత్తుగా మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఇంట్లో ఉన్న బీపీ మాత్ర ఇంకొకటి మింగించకండి. అది పక్షవాతం కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయండి. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలంటే మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఎన్నింటికి మొదలైందో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి, ఆసుపత్రిలో ముందు అడిగేది అదే.