ఆల్టిప్లానో అడుగున శిలాద్రవం ఎలా పోగవుతుంది?

నమస్కారం. భూపటలం (భూమి గట్టి పైపొర) లోతుల్లో భారీ శిలాద్రవ (మాగ్మా) రాశులు ఎలా ఏర్పడతాయో ఈ పాఠంలో చూద్దాం. తెరపై ఉన్న పటంలో బొలీవియా, చిలీ, అర్జెంటీనా సరిహద్దులు కలిసే చోటును గమనించండి. ఆ ఆల్టిప్లానో-పూనా పీఠభూమి కింద, సుమారు 20 కిలోమీటర్ల లోతున, దాదాపు 200 కిలోమీటర్ల వెడల్పున, భూఖండాల పటలంలో ఇప్పటివరకు గుర్తించిన వాటిలోకెల్లా పెద్దదిగా భావిస్తున్న శిలాద్రవ రాశి ఉంది. దీన్ని మరిగే ద్రవంతో నిండిన సరస్సుగా ఊహించుకోకండి. అంచనాల ప్రకారం ఇందులో ద్రవం గరిష్ఠంగా నాలుగో వంతు. అది తడి ఇసుకలోని నీటిలా స్ఫటికాల సందుల్లో నిలిచి ఉంటుంది.

ఇక దీని పుట్టుక. పసిఫిక్ అడుగునున్న నాజ్కా అనే భారీ శిలాఫలకం దక్షిణ అమెరికా కిందికి జారుతూ సుమారు 100 కిలోమీటర్ల లోతుకు చేరేసరికి, దాని ఖనిజాలలో ఇమిడి ఉన్న నీరు విడుదలై పైనున్న భూప్రావారంలోకి (భూపటలం కింది పొరలోకి) చేరుతుంది. నీరు చేరిన శిల తక్కువ ఉష్ణోగ్రతకే కరుగుతుంది కనుక, కొత్తగా వేడి అందకపోయినా అక్కడ బసాల్టు శిలాద్రవం పుడుతుంది. చుట్టూ ఉన్న శిల కన్నా తేలికైనందున అది పైకి వస్తుంది. అయితే భూపటలంలోని శిలలు తనకన్నా తేలికైనవి కావడంతో చాలావరకు అక్కడే ఆగి, పొరలు పొరలుగా చొరబడుతుంది.

అసలు కీలకం ఇక్కడే ఉందని నేను భావిస్తాను. ఒక్క పొర మాత్రమే చొరబడితే, చుట్టూ ఉన్న చల్లని శిల దాని వేడిని లాగేసుకోవడంతో అది గట్టిపడిపోతుంది. మొదటి పొర చల్లారకముందే రెండోది, ఆపై మూడోది, ఇలా లక్షల ఏళ్లు వస్తూ ఉంటేనే ఆ పరిసరాలు కాగి, కరిగే స్థితికి చేరతాయి. అందువల్ల ఎంత శిలాద్రవం వచ్చిందన్నదే కాక, ఎంత ఎడంతో వచ్చిందన్నదీ రాశి పరిమాణాన్ని నిర్ణయిస్తుంది. బసాల్టు ఉష్ణోగ్రత 1,100 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది. నీరున్న గ్రానైటు తరహా శిల 700 డిగ్రీల దరిదాపుల్లోనే కరగడం మొదలుపెడుతుంది. పైగా ఆండీస్ కింద భూపటలం మందం కొన్నిచోట్ల 70 కిలోమీటర్లు. కరగడానికి అక్కడ శిలకు కొరత లేదు. అలా కరిగిన శిల, బసాల్టులో మిగిలిన ద్రవంతో కలిసి, సిలికా అధికంగా ఉన్న డెసైటు శిలాద్రవమై పైకి చేరి పోగవుతుంది.

ఇప్పుడు ఆ పీఠభూమి మీది ఇగ్నింబ్రైట్ శిలను, అంటే విస్ఫోటనంలో వెలువడిన వేడి బూడిద పేరుకుని ఏర్పడిన శిలను, దగ్గరగా చూడండి. తెల్లని ఫెల్డ్‌స్పార్, గాజులా మెరిసే క్వార్ట్జ్, నల్లని బయోటైట్ రేకులు, వాటి మధ్య సన్నని బూడిద కనిపిస్తున్నాయి. విస్ఫోటనానికి ముందే లోపల పెరిగినవి ఆ స్ఫటికాలు. సందుల్లోని ద్రవమే పగిలి బూడిదైంది. సుమారు కోటి ఏళ్ల క్రితం నుంచి పది లక్షల ఏళ్ల క్రితం వరకు జరిగిన మహా విస్ఫోటనాలు ఇలాంటి శిలను అక్కడ వేల చదరపు కిలోమీటర్ల మేర పరిచాయి.

లోపల ద్రవం ఇప్పటికీ ఉందని చెప్పేవి భూకంప తరంగాలు: ఈ రాశిని దాటేటప్పుడు వాటి వేగం బాగా తగ్గుతుంది. దీని మీదనే ఉన్న ఉతురుంకు అగ్నిపర్వతం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున ఉబ్బినట్టు, చుట్టూ ఉన్న నేల కుంగినట్టు 1992 నుంచి సేకరించిన ఉపగ్రహ రాడార్ చిత్రాలలో బయటపడింది.