క్లోరిన్ పోతుంది, దాంతో వచ్చింది పోదు

(హైదరాబాద్ శివార్లలోని ఒక విల్లా కాలనీ నివాసుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఏప్రిల్ ఎండల్లో, ఆదివారం సాయంత్రం పూట, పూల్లో దిగడం మానేసి పూల్ గురించి వినడానికి వచ్చారు. మీ ఓపికకు దండం. పూల్ చూసుకునే అబ్బాయిల్ని ముందు వరసలో కూర్చోబెట్టమని నేనే అడిగాను. డబ్బాలు మోసేది, యాసిడ్ పొగ పీల్చేది వాళ్లే కదా.

నేను ముప్పై ఏళ్లు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. అయినా పోయిన ఏడాది వేసవిలో మా ఇంటి పూల్ చెరువులా పచ్చబడింది. క్లోరిన్ లేకనా? కాదు. నీటి పరీక్ష కిట్‌తో చూస్తే 3 పీపీఎం ఉంది. పుస్తకం ప్రకారం అది చాలు. ఇంకో రెండు బిళ్ళలు పడేశాను. మర్నాటికి గోడలు ఇంకాస్త జారుడయ్యాయి. ఇంట్లోవాళ్లు నా ముందు ఏమీ అనలేదు గానీ, వంటింట్లో నవ్వుకోవడం వినబడింది.

తప్పెక్కడ జరిగిందో చెప్పాలంటే ముందు పూల్లో ఎన్ని నీళ్లున్నాయో తెలియాలి. అడుగుల్లో పొడవు, వెడల్పు, సగటు లోతు గుణించి, వచ్చినదాన్ని 28.3తో గుణిస్తే లీటర్లు. మాది 24 అడుగుల పొడవు, 12 వెడల్పు, సగటున 4 లోతు. అంటే దాదాపు 32,600 లీటర్లు. వెయ్యి లీటర్లలో ఒక గ్రాము కలిస్తే ఒక పీపీఎం. ఈ రెండూ వస్తే చాలు, మిగతాదంతా కిరాణా లెక్కే.

ఇప్పుడు ఆ బిళ్ళ సంగతి. నెమ్మదిగా కరిగే 200 గ్రాముల తెల్ల బిళ్ళను ట్రైక్లోర్ అంటారు. అందులో క్లోరిన్ ఒక్కటే ఉండదు, సైనూరిక్ యాసిడ్ కూడా ఉంటుంది. షాపుల్లో స్టెబిలైజర్ అనేది దీన్నే. ఇది చెడ్డదేం కాదు. మన ఎండకు ఇది లేకపోతే పొద్దున వేసిన క్లోరిన్‌లో చాలా భాగం మధ్యాహ్నానికే ఎగిరిపోతుంది. 30 నుంచి 50 పీపీఎం ఉంటే క్లోరిన్‌కు గొడుగు పట్టినట్టు. చిక్కేమిటంటే, క్లోరిన్ తన పని చేసి పోతుంది, గొడుగు మాత్రం అక్కడే ఉంటుంది. ఆవిరవదు, ఫిల్టర్‌కు చిక్కదు. మా పూల్లో ఒక్కో బిళ్ళకు 3 పీపీఎం పైచిలుకు చేరుతుంది. రెండు రోజులకొకటి చొప్పున నెలకు 15 బిళ్ళలు, అంటే 50 పీపీఎం. మూడు నెలలకు 150. గొడుగు మీద గొడుగు పట్టి క్లోరిన్‌ను కదలనివ్వలేదు. స్టెబిలైజర్ ఎంత ఉందో అందులో 7, 8 శాతమైనా ఫ్రీ క్లోరిన్, అంటే ఇంకా చెడిపోకుండా మిగిలిన క్లోరిన్, ఉంటే తప్ప పాచి ఆగదు. 150కి 11 పీపీఎం కావాలి. నా దగ్గరున్నది 3.

స్టెబిలైజర్‌ను కొలవడం చూడముచ్చటగా ఉంటుంది. గొట్టం అడుగున నల్ల చుక్క ఉంటుంది. పూల్ నీళ్లలో మందు కలిపితే మజ్జిగ తేటలా మసకబారుతుంది. పైనుంచి చూస్తూ కొంచెం కొంచెంగా పోయాలి. ఎక్కడ చుక్క కనబడకుండా పోతే అక్కడి అంకె చదవాలి. నాకు గొట్టంలో పావు వంతు కూడా నిండకముందే చుక్క మాయమైంది. గీత చూస్తే 100 దాటేసింది. దీనికి మందు లేదు. సగం నీళ్లు తీసేసి కొత్తవి పట్టాం. వారం పోయాక మళ్లీ సగం. క్లోరిన్ దిగేదాకా ఆగి, ఆ నీళ్లు చెట్లకు వదిలాం. అలాగని వానాకాలంలో పూల్ మొత్తం ఖాళీ చేసేరు, జాగ్రత్త. చుట్టూ భూమిలో నీరు ఊరి ఉంటే ఖాళీ తొట్టి పైకి లేస్తుంది.

సరే, కొత్త నీళ్లు అన్నాను. ఎక్కడివి? బోరువి, లేకపోతే ట్యాంకర్‌వి. ఆ ట్యాంకర్ కూడా ఏదో బోరు దగ్గర నింపుకొచ్చిందే. మన రాతి నేలలో బోరు నీళ్ల సంగతి ఇంట్లో ఆడవాళ్లకు ఏ ల్యాబ్ కన్నా బాగా తెలుసు. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గీజర్ కాయిల్ తెల్లగా పెచ్చు కడుతుంది. అదే సున్నం పూల్లోకీ వస్తుంది. నీళ్లు రోజుకు అర సెంటీమీటరు ఆవిరైతే మా పూల్లో 130 లీటర్లు మళ్లీ పోయాలి. హార్డ్‌నెస్, అంటే ఆ సున్నం కొలత, 500 ఉన్న బోరు నీళ్లయితే రోజుకు 65 గ్రాములు, అంటే నెలకు 60 పీపీఎం పెరుగుతుంది. 200 నుంచి 400 మధ్య ఉండాల్సినది ఒక్క వేసవిలో హద్దు దాటుతుంది. టైల్స్ మీద నీటిమట్టం దగ్గర తెల్లటి గీత కనబడితే అదే. మన దగ్గర వాన నీళ్లను మించిన మందు లేదు. డాబా మీది తొలి వాన వదిలేసి, తర్వాతి నీళ్లను పూల్‌కు మళ్లించండి.

చాలామంది నన్ను అడిగేది, "సార్, యాసిడ్ పోస్తే పీహెచ్ దిగుతుంది, మూడు రోజులకు మళ్లీ 8 దాటుతుంది, యాసిడ్ నకిలీదా?" అని. పీహెచ్ అంటే నీళ్ల పులుపు కొలత, పులుపు పెరిగితే అది దిగుతుంది. యాసిడ్ మంచిదే. బోరు నీళ్లలో ఆల్కలినిటీ, అంటే యాసిడ్‌ను మింగేసే గుణం, 300 దాకా ఉంటుంది, కావాల్సింది 80 నుంచి 120. ఎక్కువున్న ఆల్కలినిటీ మూత తీసిన సోడా బుడ్డి లాంటిది. కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతూ ఉంటుంది, పోయినకొద్దీ పీహెచ్ ఎక్కుతుంది. అందంగా ఉందని జలపాతం పెట్టించుకున్నవాళ్లకు ఇంకా త్వరగా ఎక్కుతుంది. 300ని 120కి దించడానికి మా పూల్‌కు మొత్తం 12 లీటర్ల దాకా యాసిడ్ పట్టింది. ఒక్క రోజులో కాదు, పూటకు అర లీటరు, మధ్యలో పీహెచ్ చూసుకుంటూ. అది 7.2 కన్నా దిగితే ఆ రోజుకు ఆపేయడమే. ఈ శ్రమ ఎందుకంటారా? పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం గట్టిగా పనిచేసే రూపంలో ఉంటుంది, 8 దగ్గర నాలుగో వంతే. డబ్బు పోసి కొన్న క్లోరిన్ మరి.

యాసిడ్‌ను బకెట్ నీళ్లలో పోయాలి, యాసిడ్ మీద నీళ్లు పోయకూడదు. యాసిడ్, క్లోరిన్ ఒకే అరలో పెట్టొద్దు, కలిస్తే విషవాయువు. బిళ్ళలు వేసిన బకెట్‌లో హైపో పొడి, అంటే కాల్షియం హైపోక్లోరైట్ అనే ఇంకో రకం క్లోరిన్, కలపొద్దు, అది పేలుతుంది. బాబూ, ఈ మాట నువ్వు రాసుకో.

మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, గురించి ఒక్క మాట. పాచికి అది వేస్తే నీళ్లు నీలంగా మెరుస్తాయి, నిజమే. రాగి కూడా పోయేది కాదు. టైల్స్ మీద మరకలు పడతాయి, తెల్ల జుట్టున్నవాళ్లకు ఆకుపచ్చ ఛాయ వస్తుంది. నా తల చూసి మీరే చెప్పండి.

ఇక కిట్. పసుపు రంగు వచ్చే చౌక కిట్ మొత్తం క్లోరిన్‌ను చూపిస్తుంది, అందులో చెమటతో, మూత్రంతో కలిసి చెడిపోయింది కూడా ఉంటుంది. ముక్కు పగిలే క్లోరిన్ వాసన ఆ చెడిపోయినదానిదే. వాసన వస్తోందంటే మంచి క్లోరిన్ తక్కువై ఉండొచ్చు. గులాబీ రంగు వచ్చే డీపీడీ బిళ్ళలు కొనండి. ఇందాక మీ క్లబ్‌హౌస్ పూల్ నీళ్లలో ఒకటి వేశాను. ఒక్క క్షణం గులాబీ మెరిసి, తెల్లగా అయిపోయింది. పక్కనున్నాయన "సున్నా సార్" అని క్లోరిన్ డబ్బా తేబోయాడు. సున్నా కాదు. క్లోరిన్ మరీ ఎక్కువై రంగునే తినేసింది. అదే నీటిని పది రెట్లు పల్చన చేసి చూస్తే 1.5 వచ్చింది, అంటే 15 పీపీఎం. పిల్లల్ని ఈ రోజు దింపకండి.

మీరు ఇళ్ల నుంచి తెచ్చిన సీసాలు అక్కడ బల్ల మీద ఉన్నాయి. నీళ్లు మోచేతి లోతు నుంచి పట్టినవేనా? పైపైన ముంచినవైతే వెళ్లి మళ్లీ పట్టుకురండి. ట్యూబ్‌లైట్ కింద రంగులు సరిగా తేలవు, వెలుతురు ఇంకో అరగంటే ఉంటుంది. వరండాలోకి వెళ్దాం పదండి.