నీళ్ల దారి తెలియని మాస్టర్ ప్లాన్

శ్రోతలందరికీ నమస్కారం.

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఉండేవాళ్లు 2023 జులై చివరి వారాన్ని మరిచిపోలేరు. ఎడతెరిపి లేని వానకు భద్రకాళి చెరువు నిండి, పోతననగర్ వైపు కట్ట తెగింది. కట్ట కింది కాలనీలవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని, చేతికందిన సామానుతో ఇళ్లు వదిలి వెళ్లారు. అంతకు మూడేళ్ల ముందు, 2020 ఆగస్టులోనూ నగరం ఇలాగే మునిగింది. నయీంనగర్ నాలా పొంగి హనుమకొండ మెయిన్ రోడ్డు మీద నడుము లోతు నీళ్లు పారాయి. రెండుసార్లూ మనం వానను తిట్టుకున్నాం. వాన చాలా ఎక్కువ పడిందన్నది నిజమే. కానీ ఆ నీళ్లు పోవడానికి ఒకప్పుడు ఒక దారి ఉండేది. ఆ దారిలో ఇప్పుడు మన ఇళ్లున్నాయి.

ఓరుగల్లు నీళ్లను లెక్క చూసుకుని కట్టిన ఊరు. కాకతీయులు తవ్వించినవి విడివిడి చెరువులు కావు, గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే మత్తడి దూకుతుంది. ఆ నీళ్లు వాగులోనో కాలువలోనో పడి కింది చెరువుకు చేరతాయి. అదీ నిండితే దాని కింది చెరువుకు. ఈ గొలుసులో చెరువు ఎంత ముఖ్యమో, రెండు చెరువుల మధ్య ఉన్న కాలువ కూడా అంతే ముఖ్యం. మనం చెరువును కాస్తో కూస్తో గౌరవించాం. గుడి ఉంది, బతుకమ్మను అక్కడే వదులుతాం కాబట్టి. కాలువను మాత్రం మురికికాలువ అనుకున్నాం. దాని మీద పలకలు వేశాం, గోడలు కట్టాం, చివరికి రిజిస్ట్రేషన్లు కూడా చేయించుకున్నాం.

ఇదంతా ఎలా జరిగిందని అడిగితే చాలామంది కబ్జాదారులంటారు. కబ్జాలున్నాయి, కాదనను. కానీ నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ఊళ్లో ఏ నేలను దేనికి వాడాలో పటం గీసి చెప్పేది మాస్టర్ ప్లాన్. వరంగల్‌కు మొదటి మాస్టర్ ప్లాన్ 1970ల మొదట్లో వచ్చింది. అప్పుడు నగర జనాభా రెండు లక్షల పైచిలుకు. ఆ తర్వాత కొత్త ప్లాన్ కోసం కసరత్తులు జరిగాయి, ముసాయిదాలు వచ్చాయి. 2041 వరకు దృష్టిలో పెట్టుకుని తయారు చేసిన మాస్టర్ ప్లాన్‌కు ప్రభుత్వ ఆమోదం దొరికింది మాత్రం 2024 నవంబరులో. అంటే యాభై ఏళ్లు. ఈలోపు 2011 జనాభా లెక్కల నాటికే నగరం ఏడు లక్షలు దాటింది. చుట్టూ ఉన్న 42 గ్రామాలు నగరంలో కలిశాయి. ఆ గ్రామాల చెరువులు, కుంటలు, చెరువు నీళ్లు నిలిచే శిఖం భూములు కూడా వాటితోపాటే వచ్చాయి. పాత పటానికి వాటి సంగతి తెలియదు.

పటం పాతదైనంత మాత్రాన ఊరు ఎదగడం ఆపదు కదా. అయిదేళ్లు ఆగుతుంది, పదేళ్లు ఆగుతుంది, ఆ తర్వాత తన దారి తను వెతుక్కుంటుంది. ఎక్కడ ఎకరం చవకగా దొరికితే అక్కడ వెంచర్ పడుతుంది. లోతట్టు భూమి ఎప్పుడూ చవకే. ఎండాకాలంలో ప్లాటు చూపిస్తారు, కొంటాం. నీళ్లు వచ్చేది శ్రావణంలో.

మాస్టర్ ప్లాన్ అంటే ముందుగా ఒక పటం. పసుపు రంగు వేసిన చోట ఇళ్లు, నీలం వేసిన చోట వ్యాపారం, ఊదా రంగులో పరిశ్రమలు, ఆకుపచ్చలో పార్కులు, పొలాలు. రోడ్లు ఎక్కడ వెడల్పు చేయాలి, రింగురోడ్డు ఎటు నుంచి పోవాలి అన్నవి గీతలుగా ఉంటాయి. మామూలుగా మనం చూసేది ఆ రోడ్డు గీతనే. మన స్థలంలోంచి పోతుందా, పక్క నుంచి పోతుందా అన్న టెన్షన్ ఉంటుంది. అది తప్పు కాదు, జీవితకాలం కష్టపడి కొనుక్కున్న స్థలం అది. నా మనవి ఒక్కటే. రోడ్డు గీయకముందే నీళ్ల దారి గీయాలి. ఏ పట్టణానికైనా ప్లాన్ కొత్తగా రాసేటప్పుడు చేయాల్సిన మొదటి పని ఇదే అని నా నమ్మకం.

ఇందుకు కావలసిన నిబంధనలు మన దగ్గర లేక కాదు. 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే దాని పూర్తి నీటిమట్టం గీత నుంచి, అంటే చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు తాకే హద్దు నుంచి, 30 మీటర్లు వదలాలి. అంతకన్నా చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్లు. పది మీటర్ల కన్నా వెడల్పైన నాలాకు కూడా 9 మీటర్లు. చిక్కంతా ఎక్కడొస్తుందంటే, ఆ 30 మీటర్లు కొలవడానికి మొదట పూర్తి నీటిమట్టం గీత ఎక్కడుందో తేలాలి. చెరువు పూడిపోతే నీళ్లు తక్కువ మేర నిలుస్తాయి. అప్పుడు చూసినవాడికి గీత లోపలికి జరిగినట్టే కనిపిస్తుంది. అందుకే హద్దురాళ్లు పాతాలి, పాతిన చోటు పటంలోకి ఎక్కాలి, ఆ పటం అందరికీ కనబడాలి. భద్రకాళి చెరువును 2024 నవంబరులో ఖాళీ చేసి పూడిక తీయడం మొదలుపెట్టారు. నయీంనగర్ నాలాను వెడల్పు చేసి, పాత వంతెన తీసేసి కొత్తది కట్టారు. ఇవి మంచి పనులు. అయితే రెండు వరదల తర్వాత చేసినవి.

ఇక్కడ కోట సంగతి కూడా చెప్పాలి. ఖిలా వరంగల్ చూసినవాళ్లు నాలుగు కీర్తితోరణాల దగ్గర ఫొటోలు దిగి వెనక్కి వస్తారు. రాతికోట లోపల ఒక ఊరే ఉంది. తరాలుగా అక్కడే కాపురాలు, అక్కడే పొలాలు. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం చేయకూడదని, ఆ తర్వాత మరో రెండువందల మీటర్ల వరకు అనుమతి తీసుకునే కట్టాలని 2010లో చట్టాన్ని సవరించారు. ఆ నిబంధన ఉండి తీరాలి. అది లేకపోతే రాళ్లు కూడా మిగలవు. కానీ కొడుక్కి పెళ్లి చేసి ఒక గది వేసుకుందామనుకున్న ఇంటివాళ్లకు ఆ నిబంధన ఏం చెబుతుంది? వద్దంటుంది, అంతే. ఎక్కడికి పోవాలో చెప్పదు. అది చెప్పాల్సింది మాస్టర్ ప్లాన్. నాలా ఒడ్డున గుడిసె వేసుకున్నవాళ్లదీ ఇదే కథ. సరదాకి ఎవరూ నాలా పక్కన ఉండరు. కూలిపనికి నడిచి వెళ్లేంత దూరంలో వాళ్లకు దొరికిన చోటు అదొక్కటే. కాపాడటం ఒక శాఖ పని, కట్టడం ఇంకో శాఖ పని అనుకున్నంత కాలం, ఆ కాపాడే ఖర్చు పేదవాళ్లే భరిస్తారు. పరిరక్షణ, అభివృద్ధి ఒకే కాగితం మీద ఉండాలని నేను అనేది ఇందుకే.

ఆ రెండు మాటలూ ప్లాన్ పేరులోనే ఉన్న చోటు ఒకటుంది. అమెరికాలోని కనెక్టికట్. చిన్న రాష్ట్రం, 169 ఊళ్లు. మన తెలుగు కుటుంబాలూ అక్కడ స్థిరపడ్డాయి. అక్కడ ఊరి ప్రణాళికను ‘ప్లాన్ ఆఫ్ కన్జర్వేషన్ అండ్ డెవలప్‌మెంట్’ అంటారు. పదేళ్లకు ఒకసారైనా దాన్ని తిరగరాయాలని చట్టం. ఊరివాళ్లతో ఏర్పడిన కమిషన్ ముసాయిదా రాసి, అందరి ముందూ పెట్టి, బహిరంగ విచారణ జరపాలి. గడువు దాటిస్తే, ప్రభుత్వం తన విచక్షణ మీద ఇచ్చే నిధులకు ఆ ఊరు అర్హత పోగొట్టుకుంటుంది. వాళ్ల జనాభా వేరు, మన జనాభా వేరు, వాళ్ల పద్ధతులన్నీ మనకు సరిపోవు. కానీ ఆ పదేళ్ల గడువు, దానికి కట్టిన ఆ నిధుల ముడి మనకు కావాలి. గడువు చట్టంలో ఉంటే, అధికారి బదిలీ అయినా, ప్రభుత్వం మారినా, పని ఆగదు. 2041 ప్లాన్ వచ్చేసిందని వరంగల్ నిశ్చింతగా కూర్చుంటే 2041 దాకా మరో సవరణ రాదు. దాదాపు 1,800 చదరపు కిలోమీటర్ల మీద పరచుకున్న ప్లాన్ అది. పదిహేడేళ్లలో అంత నేల మీద ఏం మారదు?

కిందటేడు మా బంధువుల ఊరికి వెళ్లాను. చిన్న పట్టణం. అక్కడ కొత్త ముసాయిదా పటాన్ని ఒక ఆఫీసు గోడకు అంటించారని తెలిసి చూడ్డానికి వెళ్లాను. పటం నిండా ఇంగ్లీషు. అక్షరాలు చీమలంత. ఒక పెద్దాయన కళ్లజోడు పైకెత్తి, దించి, మళ్లీ ఎత్తి చూస్తున్నాడు.

“బిడ్డా, నువ్వు సదువుకున్నదానివే గదా. మా కుంట యాడున్నదో జర సూపియ్యి” అన్నాడు.

ఇద్దరం కలిసి వెతికాం. బడి దొరికింది, రైల్వే గేటు దొరికింది. గేటుకు తూర్పున కుంట ఉండాలన్నాడు. అక్కడ పసుపు రంగు వేసి ఉంది.

“గిప్పుడు దాంట్ల నీళ్లు లేవు. కాని వానలు మంచిగ పడ్డ ఏడు మా దొడ్డి దాక వస్తయి” అన్నాడాయన. అభ్యంతరాలకు ఇంకా వారం గడువుందని గుమాస్తా చెప్పాడు. నేను తెల్లకాగితం మీద తెలుగులోనే రాశాను. సర్వే నంబరు ఆయనకు నోటికి వచ్చు. కుంటకు నీళ్లు ఎటు నుంచి వస్తాయో, మత్తడి ఎటు దూకుతుందో, ఏ ఏడు ఎంత దాకా వచ్చాయో ఆయన చెప్పాడు, నేను రాశాను. రెండు పేజీలయింది. సంతకం చేశాడు. గుమాస్తా కాగితం తీసుకుని ఫైల్లో పెట్టబోతుంటే పెద్దాయన చేయి అడ్డం పెట్టాడు.

“రసీదు ఇయ్యి సారూ. ముద్రేసి ఇయ్యి” అన్నాడు.

ముద్ర వేయించుకున్న నకలును నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. తుది ప్లాన్ ఇంకా రాలేదు. మొన్న వాన పడిన రోజు ఫోన్ చేసి అడిగాడు, పటం మార్చిన్రా అని.